ప్రసవమైన ఏడు వారాలకు పరుగు మొదలుపెట్టవచ్చా?

మీరు రాసిన వివరాలను ముందుగా ఒకచోట చేర్చి చెబుతాను, ఎందుకంటే సమాధానమంతా వాటిమీదే ఆధారపడి ఉంటుంది. మీకు మొదటి కాన్పు సహజంగా జరిగి 7 వారాలైంది. చిన్న చిరుగుకు కుట్లు వేశారు, అవి మానిపోయాయి. గర్భవతి కాకముందు వారానికి 4 రోజులు పరుగెత్తేవారు. 6వ వారం పరీక్షలో డాక్టరు గారు అంతా బాగుందని, ఇక వ్యాయామం చేసుకోవచ్చని చెప్పడంతో మొన్న 15 నిమిషాలు పరుగెత్తారు. మధ్యలో రెండుసార్లు మూత్రం చుక్కలుగా జారింది, సాయంత్రానికి యోని దగ్గర ఏదో కిందికి దిగుతున్నట్టు బరువుగా అనిపించింది, తెల్లవారేసరికి తగ్గిపోయింది. లోపల ఏమైనా పాడైపోయిందా, మళ్లీ ఎప్పుడు పరుగెత్తవచ్చు, బిడ్డను బండిలో కూర్చోబెట్టి తోసుకుంటూ పరుగెత్తవచ్చా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

మొదట మీ భయం సంగతి. ఒక్క రోజు 15 నిమిషాలు పరుగెత్తినందువల్ల శాశ్వతమైన నష్టం జరిగి ఉండే అవకాశం చాలా తక్కువ. ఆ బరువు రాత్రి విశ్రాంతితో పోయిందంటే కండరాలు అలసిపోయాయనే అనుకోవచ్చు. అయితే మూత్రం జారడం, బరువుగా అనిపించడం అనే రెండు లక్షణాలూ కలిసి వచ్చాయి కాబట్టి, మీ శరీరం ఆ భారానికి ఇంకా సిద్ధంగా లేదని తేలిపోయింది. అందుచేత పరుగును ప్రస్తుతానికి ఆపండి. 12 వారాలు నిండేదాకా మళ్లీ ప్రయత్నించవద్దు. నిండిన తరువాత కూడా కింద చెప్పబోయే పరీక్షలు దాటితేనే మొదలుపెట్టండి. ఇరవై ఏళ్లకు పైగా ఫిజియోథెరపిస్టుగా ఎక్కువగా బాలింతలకే వైద్యం చేస్తూ వచ్చాను. మీ ప్రశ్న వారానికి ఒకసారైనా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, దాదాపు అందరూ 6వ వారం పరీక్ష ముగించుకుని పరుగు మొదలుపెట్టినవారే.

ఆ పరీక్ష దేన్ని చూస్తుందో తెలిస్తే ఈ తికమక చాలావరకు తీరుతుంది. కాన్పు అయిన వెంటనే సుమారు ఒక కిలో బరువుండే గర్భసంచి, 6 వారాలు గడిచేసరికి 100 గ్రాముల లోపుకు కుంచించుకుపోతుంది. రక్తస్రావం ఆగుతుంది, కుట్లు మానతాయి, రక్తపోటు కుదుటపడుతుంది. డాక్టరు చూసేది వీటినే, అవి బాగున్నాయని చెప్పడంలో పొరపాటేమీ లేదు. కానీ పరీక్ష బల్లమీద పడుకున్న మనిషిని చూసి, ఆమె గెంతితే లోపల ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. కటిభాగం అడుగున జోలెలా అమరి మూత్రాశయాన్ని, గర్భసంచిని, మలాశయాన్ని మోసే కండరాల పొర ఒకటుంది. దాన్నే పెల్విక్ ఫ్లోర్ అంటాము. సహజ ప్రసవంలో బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు ఆ కండరాలలోని లోపలి భాగం మామూలు పొడవుకు రెండు మూడు రెట్లు సాగుతుంది, వాటికి వెళ్లే నరాలు కూడా ఆ సాగుడుకు లోనవుతాయి. ఒంట్లో మరే కండరమైనా అంత సాగితే నెలల తరబడి దాన్ని జాగ్రత్తగా చూసుకుంటాము. ఇది కంటికి కనబడదు కాబట్టి ఆ మర్యాద దీనికి దక్కదు. ఈ పొర కోలుకోవడం చాలామందిలో 4 నుంచి 6 నెలలు పడుతుంది.

ఇక పరుగు పెట్టే భారం చూడండి. పరుగులో పాదం నేలను తాకిన ప్రతిసారీ శరీర బరువుకు సుమారు ఒకటిన్నర నుంచి రెండున్నర రెట్ల బలం పైకి వస్తుంది. నిమిషానికి 160 అడుగుల చొప్పున 15 నిమిషాలంటే 2400 అడుగులు. కుడి పాదం, ఎడమ పాదం వాటిని చెరిసగం పంచుకుంటాయి గానీ, మధ్యలో ఉన్న జోలె మాత్రం 2400 అదుర్లనూ తానే భరించాలి. బ్రిటన్‌కు చెందిన ఫిజియోథెరపిస్టులు 2019లో రూపొందించిన మార్గదర్శకాలు 12 వారాలకు ముందు పరుగు వద్దని చెప్పడానికి కారణం ఇదే. దీన్ని మంచం దిగవద్దన్న సలహాగా మాత్రం తీసుకోవద్దు. ఇబ్బందులేవీ లేని కాన్పు తరువాత నడక, శ్వాస వ్యాయామాలు కొద్ది రోజులకే మొదలుపెట్టవచ్చు, పెట్టాలి కూడా. ప్రసవానంతరం తొలి 6 వారాలలో కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువగా ఉంటుంది, కదలకుండా ఉండటం దాన్ని పెంచుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలు కూడా బాలింతలు క్రమంగా వారానికి 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామానికి చేరుకోవాలనే చెబుతున్నాయి. మీరు ఆపవలసినది అదురు పెట్టే వ్యాయామాన్ని మాత్రమే.

పెల్విక్ ఫ్లోర్ వ్యాయామం గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే అందరికీ పేరు తెలిసి, సరిగా చేసేవారు తక్కువగా ఉన్న వ్యాయామం ఇది. అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో దీన్ని ప్రచారంలోకి తెచ్చినప్పుడు నోటిమాటతో వదిలేయలేదు. కండరం నిజంగా బిగుస్తోందో లేదో చూపించే పీడనమాపకాన్ని కూడా వాడాడు. ఆ పరికరం పక్కకుపోయి, బిగించండి వదలండి అన్న మాట ఒక్కటే మిగిలింది. ఒకసారి ఒక యువతి నా దగ్గరికి వచ్చి, రోజుకు 200 సార్లు చేస్తున్నా తుమ్మితే మూత్రం ఆగడం లేదని వాపోయింది. పరీక్షించి చూస్తే ఆమె ఊపిరి బిగబట్టి, కండరాన్ని పైకి లాగడానికి బదులు, మలవిసర్జనకు ముక్కినట్టు కిందికి నెడుతోంది. అంటే రోజుకు 200 సార్లు సరిగ్గా వ్యతిరేకమైన పని చేస్తోంది. ఇలాంటివారు అరుదేమీ కాదు.

సరైన పద్ధతి ఇది. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి, లేదా పక్కకు తిరిగి పడుకోండి. ఊపిరి పీల్చేటప్పుడు పొట్ట, పక్కటెముకలు మెత్తగా విచ్చుకోనివ్వండి, అడుగు కండరాలు కూడా వదులవుతాయి. ఊపిరి నెమ్మదిగా వదులుతూ, అపానవాయువును ఆపుకుంటున్నట్టుగా మలద్వారం దగ్గర మొదలుపెట్టి, ఆ బిగింపును ముందుకు, మూత్రద్వారం వైపు, ఆపైన లోపలికి, పైకి లాగండి. పిరుదులు బిగుసుకోకూడదు, తొడలు దగ్గరకు రాకూడదు, ఊపిరి ఆగకూడదు. మొదట్లో 3 సెకన్లు పట్టి ఉంచగలిగితే చాలు. తరువాత అంతకంటే ఎక్కువసేపు పూర్తిగా వదిలేయండి. వదలడం కూడా వ్యాయామంలో భాగమే. క్రమంగా 10 సెకన్ల చొప్పున 10 సార్లు, ఆ వెంటనే చకచకా బిగించి వదిలేవి మరో 10, రోజుకు మూడు పూటలా చేయగలిగే స్థాయికి రావాలి. సరిగా చేస్తున్నారో లేదో అనుమానంగా ఉంటే ఒకసారి చేతి అద్దం పెట్టుకుని చూడండి: యోనికి, మలద్వారానికి నడుమనున్న చర్మం లోపలికి ముడుచుకోవాలి. బయటికి ఉబ్బితే మీరు నెడుతున్నారన్నమాట. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయమని కొందరు చెబుతారు. దానివల్ల మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకుండా పోతుంది కాబట్టి ఆ అలవాటు వద్దు.

ఇదే బిగింపును రోజువారీ పనుల్లోకి తీసుకురావాలి. దగ్గు, తుమ్ము వస్తున్నాయనగానే ముందుగా బిగించండి. బిడ్డను తొట్టిలోంచి ఎత్తేటప్పుడు చాలామంది తల్లులు తమకు తెలియకుండానే ఊపిరి బిగబడతారు. ఆ క్షణంలో కడుపులోని ఒత్తిడంతా కిందికే దిగుతుంది. ఊపిరి వదులుతూ, అడుగు కండరాలను పైకి లాగుతూ ఎత్తడం అలవాటు చేసుకుంటే, రోజుకు ముప్పై సార్లు బిడ్డను ఎత్తడం ముప్పై సార్ల వ్యాయామమవుతుంది. ఒక మినహాయింపు కూడా చెప్పాలి. సంభోగంలో నొప్పి, మూత్రం మొదలవడానికి ఇబ్బంది, మలం పూర్తిగా రానట్టు ఉండటం వంటివి ఉంటే, కండరం బలహీనంగా కాకుండా అతిగా బిగుసుకుపోయి ఉండవచ్చు. అలాంటప్పుడు ఈ వ్యాయామం పెంచితే బాధ కూడా పెరుగుతుంది, ముందు వదులు చేయడం నేర్చుకోవాలి.

పొట్ట సంగతి మీరు అడగలేదు గానీ పరుగుకు దానితో సంబంధం ఉంది. గర్భం చివరి వారాలలో పొట్ట మధ్యలో నిలువునా ఉండే రెండు కండరాల పట్టీలు దాదాపు అందరిలోనూ ఎడంగా జరుగుతాయి. చాలావరకు దగ్గరపడటం తొలి 8 వారాలలో జరుగుతుంది. ఒక అధ్యయనంలో 6 నెలలకు కూడా 39 శాతం మందిలో ఆ ఎడం మిగిలే ఉంది. మోకాళ్లు మడిచి పడుకుని, బొడ్డు పైన వేళ్లు అడ్డంగా ఆనించి, తల మాత్రమే కొద్దిగా ఎత్తండి. రెండు పట్టీల మధ్య ఎన్ని వేళ్లు పడుతున్నాయో తెలుస్తుంది. అయితే వెడల్పు గురించి బెంగపడేవారు ఎక్కువ, అసలు చూడవలసిన సంగతిని చూసేవారు తక్కువ: వేళ్ల కింద ఉన్న పొర సాగదీసిన గుడ్డలా బిగువుగా తగులుతోందా, లేక వేళ్లు మెత్తగా లోపలికి దిగిపోతున్నాయా అన్నదే ముఖ్యం. ఏ వ్యాయామం చేసినా పొట్ట మధ్యలో గట్టులా పొంగితే, అది ఈ రోజుకు మీకు ఎక్కువైందని గుర్తు. సిటప్స్, ప్లాంక్ వంటివి జీవితాంతం నిషిద్ధమేమీ కావు, పొంగు రాకుండా చేయగలిగిన రోజున చేయవచ్చు. నిలబడినప్పుడు బొడ్డు దగ్గర గడ్డలా కనిపించినా, నొప్పిగా ఉన్నా అది హెర్నియా కావచ్చు, డాక్టరుకు చూపించండి.

ఇప్పటినుంచి 12వ వారం దాకా మీరు చేయవలసినది కాళ్లను, తుంటిని బలపరచడం. నడకను 15 నిమిషాలతో మొదలుపెట్టి, బరువు, చుక్కలు లేకుండా ఉన్నంతవరకు పెంచుతూ వేగంగా 30 నిమిషాలు నడవగలిగే దశకు తెచ్చుకోండి. దానితోపాటు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, వెల్లకిలా పడుకుని నడుము ఎత్తే బ్రిడ్జ్, మునివేళ్లమీద లేవడం, పక్కకు పడుకుని పైకాలు ఎత్తడం వారానికి మూడు రోజులు చేయండి. మొదట రెండు కాళ్లతో, తరువాత ఒంటికాలితో. ఒంటికాలితో వీటిలో ఒక్కొక్కటి 20 సార్లు చేయగలగడం పైన చెప్పిన బ్రిటన్ మార్గదర్శకాలు పెట్టిన లక్ష్యం. ఒకప్పుడు బాగా పరుగెత్తినవారు చాలామంది ఇక్కడే తెల్లబోతారు. ఊపిరితిత్తులు తొందరగా తేరుకుంటాయి గానీ పిక్కలు, పిరుదులు అంత తొందరగా తేరుకోవు.

12 వారాలు నిండాక ఒక ఉదయం, మూత్రాశయం ఖాళీ చేసుకోకుండా మామూలుగా ఉన్నప్పుడు, ఈ పరీక్ష పెట్టుకోండి. 30 నిమిషాలు నడవండి. ఒక్కో కాలిమీద 10 సెకన్లు నిలబడండి. ఒక్కో కాలిమీద 10 సార్లు కొద్దిగా కూర్చుని లేవండి. ఉన్నచోటే ఒక నిమిషం నెమ్మదిగా పరుగెత్తండి. ముందుకు 10 గెంతులు వేయండి. చివరగా ఒక్కో కాలిమీద ఉన్నచోటే 10 సార్లు గెంతండి. వీటిలో దేనిదగ్గరైనా మూత్రం జారినా, బరువు అనిపించినా, నొప్పి పుట్టినా అక్కడితో ఆపి, మరో రెండు మూడు వారాలు బలం పెంచుకుని మళ్లీ ప్రయత్నించండి. అన్నీ సజావుగా దాటితే 1 నిమిషం పరుగు, 2 నిమిషాల నడక చొప్పున మొత్తం 20 నిమిషాలకు మించకుండా, రోజు విడిచి రోజు మొదలుపెట్టండి. ముందుగా పరుగు నిమిషాలను పెంచాలి, వేగం జోలికి ఆ తరువాతే వెళ్లాలి. ఎంత పెంచాలో నిర్ణయించడానికి నేను నమ్మే కొలత మర్నాటి సాయంత్రమే: పరుగెత్తిన 24 గంటలలో బరువు, చుక్కలు, నడుము నొప్పి ఏదీ రాకపోతే తరువాతి సారి కాస్త పెంచండి, వస్తే వెనకటి మెట్టుకు దిగండి. పరుగెత్తేటప్పుడు హాయిగా ఉండి, బిడ్డను పడుకోబెట్టే వేళకు బరువు తెలిసినవారిని ఎందరినో చూశాను. పాత బూట్లు కూడా ఒకసారి వేసి చూసుకోండి, గర్భధారణ తరువాత కొందరిలో పాదం కొద్దిగా పొడవు పెరిగి అలాగే ఉండిపోతుంది.

పాలిచ్చే తల్లి మధ్యస్థంగా వ్యాయామం చేస్తే పాలు తగ్గవు, విరిగిపోవు. పరుగుకు ముందు బిడ్డకు పాలిచ్చి, బాగా పట్టి ఉంచే బ్రా వేసుకుంటే సరిపోతుంది. పూర్తిగా తల్లిపాలే ఇస్తున్నప్పుడు పాల తయారీకి రోజుకు దాదాపు 500 కిలోకేలరీలు అదనంగా ఖర్చవుతాయి. దానిపైన పరుగు ఖర్చు కూడా చేరుతుంది కాబట్టి బరువు తగ్గాలన్న తొందరలో తిండి తగ్గించవద్దు. పాలిచ్చే రోజుల్లో ఈస్ట్రోజన్ హార్మోను తక్కువగా ఉండటం వల్ల యోని పొడిబారుతుంది, అడుగుభాగంలో అసౌకర్యం కాస్త ఎక్కువగా తెలుస్తుంది. నిద్ర గురించి నాదొక సొంత నియమం ఉంది: రాత్రి మొత్తం కలిపి 4 గంటలు కూడా నిద్ర పట్టలేదంటే ఆ రోజు పరుగు మానేసి నడకకు వెళ్లండి. మెట్లెక్కితేనే ఆయాసం, గుండెదడ ఉంటే హిమోగ్లోబిన్ చూపించుకోండి, రక్తహీనతను వ్యాయామంతో జయించలేము.

ఇది చదివే సిజేరియన్ తల్లులకు రెండు మాటలు. పైన చర్మం మానినంత మాత్రాన లోపలి పొర మానినట్టు కాదు. పొట్ట గోడలోని ఆ గట్టి పొరకు 6 వారాలకు పూర్వపు బలంలో సగానికి కాస్త పైన మాత్రమే తిరిగి వస్తుంది, 6, 7 నెలలకు గానీ అది దాదాపు పూర్తి స్థాయికి చేరదు. గర్భం బరువు తొమ్మిది నెలలూ మోసింది కాబట్టి మీ పెల్విక్ ఫ్లోర్‌కు కూడా ఈ వ్యాయామాలు అవసరమే. ఫోర్సెప్స్ (బిడ్డ తలను పట్టి బయటికి లాగే పరికరం) వాడిన కాన్పుల్లో, మలద్వార కండరం దాకా చిరిగిన కాన్పుల్లో మాత్రం ఈ కాలపట్టికను నమ్ముకోకుండా, పెల్విక్ ఫ్లోర్ చూసే ఫిజియోథెరపిస్టు పరీక్షించి చెప్పేదాకా పరుగు తలపెట్టవద్దు.

కొన్ని లక్షణాలు కనిపిస్తే వ్యాయామం సంగతి పక్కనపెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఆగిన రక్తస్రావం మళ్లీ మొదలై గంటకో ప్యాడ్ తడిసిపోవడం, ఒకే కాలి పిక్క వాచి నొప్పి పెట్టడం, ఛాతీ నొప్పి, పడుకుంటే ఊపిరాడకపోవడం, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, జ్వరం, కుట్ల దగ్గర చీము ఇలాంటివే. రక్తపోటు తాలూకు ప్రమాదం ప్రసవంతో ముగిసిపోదు, తరువాతి వారాలలో కూడా రావచ్చు. కొద్దిపాటి రక్తస్రావం నడక ఎక్కువైన రోజున తిరిగి ఎర్రగా కనిపిస్తే మాత్రం అది చాలాసార్లు విశ్రాంతి కోరడమే. తగ్గించి చూడండి, ఆగకపోతే డాక్టరును కలవండి. ఎడతెగని దిగులు, బిడ్డను చూసినా ఏమీ అనిపించకపోవడం వంటివి ఉన్నా చెప్పడానికి సంకోచించవద్దు. నడక మనసుకు మేలు చేస్తుంది గానీ వైద్యానికి బదులు కాదు.

మీ విషయంలో, 12వ వారం తరువాత కూడా చుక్కలు పడుతూ ఉంటే, లేదా ఆ బరువు పరుగు లేని రోజుల్లో సైతం వస్తూ ఉంటే, ఫిజియోథెరపిస్టు చేత తప్పక లోపలి పరీక్ష చేయించుకోండి. కాన్పు తరువాత తొలి 3 నెలలలో ప్రతి ముగ్గురిలో ఒకరికి మూత్రం జారుతుంది. అది మామూలే కదా అని సర్దుకుపోవలసిన అవసరం మాత్రం లేదు. పర్యవేక్షణలో 3 నెలలు క్రమంగా సాధన చేస్తే చాలామందికి తగ్గుతుంది. గర్భసంచి లేదా మూత్రాశయం కాస్త జారిందని తేలినా పరుగు ముగిసిపోయినట్టు కాదు, జారిన అవయవానికి ఆసరాగా యోని లోపల అమర్చుకునే పెసరీ అనే పరికరం సాయంతో హాయిగా పరుగెత్తేవారు ఉన్నారు.

ఇక బిడ్డను బండిలో తోసుకుంటూ పరుగెత్తడం గురించి. మీరు సిద్ధమయ్యేనాటికి కూడా బిడ్డ సిద్ధంగా ఉండదు. మెడ పూర్తిగా నిలిచి, ఆసరా లేకుండా కూర్చోగలిగే దాకా, అంటే 6 నుంచి 9 నెలల వయసు వచ్చేదాకా, పరుగు అదురును పసి మెడ తట్టుకోలేదు. ఆ తరువాత కూడా పరుగు కోసమే తయారుచేసిన బండి కావాలి: ముందు చక్రం కదలకుండా బిగించే వీలు, చేతి బ్రేకు, బిడ్డను ఐదు చోట్ల పట్టి ఉంచే బెల్టు, వెనుక చక్రాలకు అదురు తగ్గించే స్ప్రింగులు ఉన్నవి చూసుకోండి. మొదట బండి లేకుండా 30 నిమిషాలు ఇబ్బంది లేకుండా పరుగెత్తగలిగాక బండి తీసుకోండి, తీసుకున్న తొలి రోజున దూరం సగానికి తగ్గించండి, రెండు చేతులతో తోయండి. అప్పటిదాకా అదే బండిని నడకకు వాడుకోవచ్చు, బిడ్డను పడుకోబెట్టే సౌకర్యం అందులో ఉంటే ఈ వారం నుంచే.